సెంటు లేని బేబీ లోషన్ శాంపిల్‌లో గులాబీ వాసన

మీ బ్రాండ్ కోసం తయారీదారు చేసిచ్చిన లోషన్ శాంపిల్‌కు, పదార్థాల జాబితాలో పర్ఫ్యూమ్ లేకపోయినా గులాబీ వాసన వస్తోందంటే, ముందు ప్రిజర్వేటివ్‌ను (లోషన్ చెడిపోకుండా కలిపే పదార్థాన్ని) అనుమానించండి. అందుకు వాడే ఫెనెథైల్ ఆల్కహాల్‌కు గులాబీ వాసనే ఉంటుంది. ఫినాక్సీఇథనాల్‌కూ లీలగా ఉంటుంది. "సహజంగా వచ్చే వాసనే" అన్న తయారీదారు మాటతో ఆగకండి.

1. ఫార్ములాను శాతాలతో సహా అడగండి. ఎసెన్షియల్ ఆయిల్స్, పూల నీళ్లు, బెంజైల్ ఆల్కహాల్ ఉన్నాయేమో చూడండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ప్రతి ముడిసరుకుకూ దాని సప్లయర్ ఇచ్చే కాంపోజిషన్ షీట్ (అందులో ఏమేం ఉన్నాయో చెప్పే పత్రం), అలర్జెన్ డిక్లరేషన్ (అలర్జీ కలిగించే పదార్థాల వివరం) విడివిడిగా తెప్పించుకోండి. ప్రిజర్వేటివ్‌లు ఎక్కువగా మిశ్రమాలుగా, ఒకే ట్రేడ్ పేరుతో వస్తాయి. ఫార్ములాలో ఒక్క లైనే కనిపిస్తుంది, వాసన ఇచ్చే పదార్థం దాని లోపల ఉండిపోతుంది. షీట్ ఇవ్వని ముడిసరుకును మార్పించండి. పసిపిల్లల చర్మం విషయంలో ఇక్కడ రాజీ వద్దు.

3. ప్రిజర్వేటివ్ లేకుండా అదే లోషన్ (బేస్) కొద్దిగా చేయించి, దాన్నీ మీ శాంపిల్‌నూ రెండు మూతసీసాల్లో 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచి పోల్చండి (వాసన చూడ్డానికే, ఒంటికి రాయొద్దు). బేస్ కూడా వాసనొస్తే కారణం నూనెలోనో, బటర్‌లోనో (షియా లాంటి గింజల కొవ్వు) ఉండొచ్చు: రిఫైన్డ్, డియోడరైజ్డ్ (వాసన తీసేసిన) గ్రేడ్ అడగండి. లేదా అంతకుముందు సెంటు సరుకు చేసిన కెటిల్ (కలిపే పెద్ద పాత్ర) సరిగ్గా కడిగి ఉండకపోవచ్చు.

4. ప్రిజర్వేటివ్ మారిస్తే చాలెంజ్ టెస్ట్ (సూక్ష్మజీవులను కావాలని కలిపి, ప్రిజర్వేటివ్ వాటిని ఆపుతోందో లేదో చూసే పరీక్ష) మళ్లీ చేయించాలి. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్‌కు మారితే లోషన్ పీహెచ్ (ఆమ్లత కొలత) సుమారు 5కు మించకూడదు, పైకి పోతే పనితనం పడిపోతుంది.