దస్తావేజులోని మాటను మెత్తబరచకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలోని వర్జీనియా కుటుంబాల పాత దస్తావేజుల మీద నీవు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీ శ్రమ కనిపిస్తోంది, కానీ ఒకచోట నా మనసు ఒప్పుకోలేదు. కూతురికి ఒక బానిస స్త్రీని రాసిచ్చిన తండ్రి, ఆమెతో పాటు ఆమె 'సంతానాన్ని' కూడా ఇచ్చాడని తెలుగు చేశావు. అలాంటి పత్రాలలో తరచుగా కనిపించే మాట 'ఇంక్రీజ్', అంటే పెంపు. ఆవులకూ గొర్రెలకూ పుట్టబోయే పిల్లలకు వాడిన మాటే అది. చూడిగేదెకు కడుపులోని దూడతో కలిపి ధర కట్టడం మన ఊళ్లలో ఎరిగినదే. బిడ్డకు తల్లి స్థితే వర్తిస్తుందని 1662 నాటి వర్జీనియా చట్టం తేల్చింది కాబట్టి, ఇంకా కడుపున పడని బిడ్డ మీద కూడా హక్కు రాసుకోగలిగారు. 1705 నాటి చట్టమైతే వారసత్వం విషయంలో ఆ మనుషులను పొలంతో సమానంగా స్థిరాస్తి అనేసింది. అందుచేత 'ఇకముందు కలిగే పెంపు' అనే రాయి. గుమాస్తా కలం కరకుగా పలికినచోట నీవు జాలిపడి మృదువైన మాట వేస్తే, జరిగిన అన్యాయం సగం మాసిపోతుంది.

అయితే దస్తావేజు మాటను ఉన్నదున్నట్లు చూపడం వేరు, దానిని నీ మాటగా చేసుకోవడం వేరు. '1774లో జెఫర్సన్‌కు మామగారి ఆస్తిలో 135 మంది బానిసలు వచ్చారు' అని, తరవాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ గురించి నీవు రాసిన వాక్యం యజమాని పక్కన నిలబడి మాట్లాడుతోంది. ఆ 135 మందిలో ఎలిజబెత్ హెమింగ్స్, ఆమె పిల్లలు ఉన్నారు. వాక్యాన్ని ఆమె దగ్గర మొదలుపెట్టి చూడు.

ఆమె మనవడు జోసెఫ్ ఫాసెట్ జెఫర్సన్ ఎస్టేటు అయిన మాంటిచెల్లోలో కమ్మరి. జెఫర్సన్ వీలునామా అతనికి స్వేచ్ఛ ఇచ్చింది గానీ, అతని భార్య ఈడిత్‌నూ పిల్లలనూ 1827 జనవరి వేలంలో అమ్మేశారు. అతడు బంధువుల సాయంతో భార్యనూ కొందరు బిడ్డలనూ తిరిగి దక్కించుకుని, 1837లో వారికి విమోచన పత్రం రాశాడు. ఆ కాగితం దగ్గర కాసేపు ఆగు. భార్యను విడిపించాలంటే ముందు చట్టం దృష్టిలో భర్తే ఆమెకు యజమాని కావలసి వచ్చింది. పేర్లు మాత్రమే ఎత్తి రాసుకునేవాడు అతనినీ బానిసల యజమానుల వరుసలో చేర్చేస్తాడు. వేలంనాటికి 11 ఏళ్లవాడైన కొడుకు పీటర్ 1837లో కూడా ఇంకా ఒకరి సొత్తుగానే ఉన్నాడు, కనుక తండ్రి రాసిన పత్రం అతనిని విడిపించలేకపోయింది. ఆ సంగతి కూడా చేర్చి, వ్యాసాన్ని నాకు మళ్లీ పంపు.