నోటరీ కాగితం చాలదు

ముగ్గురు కలిసి షాద్‌నగర్ దగ్గర 600 గజాల ప్లాటు కొంటూ, ఒకరి పేరునే రిజిస్ట్రేషన్ చేయించి మిగతా ఇద్దరూ నోటరీ కాగితం రాయించుకుంటే చాలా అని అడిగారు. చాలదండీ. మీ డబ్బుతో స్నేహితుడి పేరున కొంటే అది బినామీ కిందికి రావచ్చు. బినామీ లావాదేవీల నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ తరువాత ఆస్తి జప్తుతో పాటు జైలు శిక్ష కూడా ఉంది. పైగా రేపు ఆయన అడ్డం తిరిగితే, వాటా కోసం కోర్టుకు వెళ్లే దారిని ఆ చట్టమే మూసేస్తుంది.

ముగ్గురి పేర్లూ, ఎవరి వాటా ఎంతో, సేల్ డీడ్‌లోనే రాయించండి. ఎవరి సొమ్ము వాళ్ల బ్యాంకు ఖాతా నుంచే అమ్మినవారికి వెళ్లాలి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకుని ఇలాగే ముగ్గురం కలిసి స్థలం కొన్నా, మేం ఒకచోట దెబ్బతిన్నాం. నాలుగేళ్లకు మాలో ఒకాయన కూతురి పెళ్లికని అమ్ముదామన్నారు, మేమిద్దరం ఆగుదామన్నాం. ధర ఎలా కట్టాలో ఎక్కడా రాసుకోలేదు. ఎనిమిది నెలలు మాటల్లేవు! అందుకే విడిగా ఒప్పందం రాసుకోండి: తప్పుకునేవారు వాటాను ముందుగా మిగిలినవారికే ఇవ్వాలి, ఏ లెక్కన, ఎన్ని రోజుల్లో అనేది స్పష్టంగా ఉండాలి. అది లేకపోతే తప్పుకునేవారు తమ అవిభక్త వాటాను (హద్దులు వేసి విడగొట్టని భాగాన్ని) బయటి మనిషికి అమ్ముకోవచ్చు.

తరచూ కొని అమ్మే ఆలోచన ఉంటే మాత్రం భాగస్వామ్య సంస్థ పెట్టి, దాన్ని రిజిస్టర్ చేయించండి.