బాత్రూమ్ కారుతోంది, ప్లంబర్ ఫోన్ ఎత్తడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు ఆర్టీసీలో రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో అరసవిల్లి రోడ్డు వైపు ఇల్లు కట్టించారు. ప్లంబింగ్ పని అంతా విజయనగరంలో ఉండే ఒక లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరుకు మెటీరియల్‌తో కలిపి 2,10,000 రూపాయలకు ఇచ్చాం. 1,85,000 ఇచ్చేశాం, అందులో ఎక్కువ భాగం నా ఫోన్ నుంచే వేశాను. గృహప్రవేశమై నాలుగు నెలలు కాలేదు, మేడ మీద బాత్రూమ్ నుంచి కింద హాల్లో సీలింగంతా చెమ్మ, చుక్కలు చుక్కలుగా కారుతోంది. అతను ఒకసారి వచ్చి చూసి, ఇది టైల్స్ మేస్త్రి తప్పు, నాకు సంబంధం లేదన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తడం లేదు. అగ్రిమెంటు లేదు, చేత్తో రాసిచ్చిన కొటేషన్ చీటీ ఒక్కటే ఉంది. వేరే ప్లంబర్ టైల్స్ పగలగొట్టి బాగుచేస్తాను, 40,000 అవుతుందంటున్నాడు. మా బావగారేమో పోలీసు కేసు పెట్టేయమంటున్నారు. నాన్నగారికి బీపీ, ఈ టెన్షన్‌తో నిద్ర పోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక్క పని చేయండి. ఇది చదవగానే నాన్నగారికి ఫోన్ చేసి, ఆ రెండో ప్లంబర్‌ని టైల్స్ మీద సుత్తి వేయొద్దని చెప్పండి. మిగతా విషయాలన్నీ తర్వాత. ఇలాంటి కేసులు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. ఇంట్లో నీళ్లు కారుతుంటే ఎవరికైనా కంగారే, అర్జెంటుగా ఇంకొకరిని పిలిచి పగలగొట్టించి బాగుచేయించేస్తారు, ఆ తర్వాత కేసు వేస్తే మొదటి కాంట్రాక్టరు వచ్చి 'నా పని బాగానే ఉంది, వీళ్లు పిలిచినవాడే పాడుచేశాడు' అంటాడు, అప్పటికి లోపం ఎక్కడుందో చూపించడానికి ఏమీ మిగలదు. సేవలో లోపం ఉందని రుజువు చేయాల్సిన బాధ్యత ఫిర్యాదు చేసినవారిదేనని 2021లో ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మీరు ఎంత నిజం చెబుతున్నా, చూపించగలిగిందే అక్కడ నిలబడుతుంది.

అలాగని కారుతుంటే చూస్తూ కూర్చోమని నేను అనడం లేదు. నష్టం పెరగకుండా చూసుకోవడం మీ పని కూడా, కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ నష్టం లెక్కకట్టేటప్పుడు ఆ విషయం కూడా చూడమంటుంది. మేడ మీద బాత్రూమ్‌కి వెళ్లే గేట్ వాల్వ్ కట్టేసి, కొన్నాళ్లు కింద బాత్రూమ్‌తో సర్దుకోమనండి. ఈ వాల్వ్ కట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. వాల్వ్ కట్టి, బాత్రూమ్ అసలు వాడకుండా రెండు రోజులు చూస్తే చెమ్మ తగ్గిందా లేదా తెలుస్తుంది. తర్వాత వాల్వ్ తెరిచి, కుళాయిలన్నీ కట్టేసి, ఎవరూ వాడకుండా మళ్లీ చూడండి. అప్పుడు కూడా చుక్కలు పడుతుంటే గోడలో వేసిన నీళ్ల పైపులోనే, జాయింట్ దగ్గరో ఎల్బో (పైపు వంపు ముక్క) దగ్గరో, తేడా ఉండే అవకాశం చాలా ఎక్కువ. అది టైల్స్ మేస్త్రి మీదకు తోసేసేది కాదు, ప్లంబర్ పనే. అలా కాకుండా స్నానం చేసినప్పుడు మాత్రమే కారుతుంటే నేల మీద నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ దగ్గరో, డ్రైనేజీ పైపు జాయింట్‌లోనో, లేకపోతే వాటర్ ప్రూఫింగ్‌లోనో ఉంటుంది. ట్రాప్ దగ్గర రంగు కలిపిన నీళ్లు పోసి కింద ఏ రంగు దిగుతుందో చూస్తే ఇంకొంచెం స్పష్టత వస్తుంది. వాటర్ ప్రూఫింగ్ ఎవరు చేశారన్నది మీరు రాయలేదు. కొటేషన్‌లో అది కూడా ఉంటే బాధ్యత అతనిదే, లేకపోతే టైల్స్ మేస్త్రి మాట కూడా వినాల్సిందే. నేను మీ తరఫున మాట్లాడుతున్నాను కాబట్టి తప్పంతా అతనిదే అనేస్తే అది మీకే మంచిది కాదు, రేపు వినియోగదారుల కమిషన్ ముందు మొదట అడిగే ప్రశ్న ఇదే.

ఇదంతా జరుగుతున్నప్పుడు వీడియో తీయించండి, తేదీ కనబడేలా. వాల్వ్ కట్టడం, తెరవడం, సీలింగ్, అన్నీ. ఆ తర్వాత శ్రీకాకుళంలోనే ఒక సివిల్ ఇంజనీరుని, వీలైతే మున్సిపాలిటీలో లైసెన్స్ ఉన్న ఇంజనీరుని పిలిచి చూపించి, లెటర్‌హెడ్ మీద రిపోర్టు రాయించుకోండి. ఎక్కడ కారుతోంది, కారణం ఏమై ఉండొచ్చు, బాగుచేయడానికి ఎంతవుతుంది, ఈ మూడూ అందులో ఉండాలి. ఇంకో విషయం అడగమనండి, గీజర్ నుంచి వచ్చే వేడినీళ్ల లైనుకి ఏ పైపు వేశారని. వేడినీళ్లకి వేడిని తట్టుకునే సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయాలి, దానికి ఐఎస్ 15778 అనే భారతీయ ప్రమాణం ఉంది, పైపు మీదే ముద్ర ఉంటుంది. డబ్బు మిగుల్చుకోవడానికి చన్నీళ్ల యూపీవీసీ పైపే వేడినీళ్లకీ వేసేసే వాళ్లున్నారు, వేడికి అది మెత్తబడి జాయింట్ దగ్గర వదిలేస్తుంది. మీ ఇంట్లో అలా జరిగిందని నేను అనడం లేదు, కానీ జరిగి ఉంటే మాత్రం అది పొరపాటు కాదు, మోసానికి దగ్గరి పని. టైల్స్ వేయకముందు పైపులకి ప్రెషర్ టెస్టు చేశారా, చేసినప్పుడు నాన్నగారు చూశారా అన్నది కూడా రాసి పెట్టుకోండి. లైన్ల చివరలు బిగించి పంపుతో ప్రెషర్ పెట్టి కొన్ని గంటలు ఉంచితే కారే జాయింట్ అప్పుడే బయటపడుతుంది. గోడలో పూడ్చే పైపులకి ఈ టెస్టు చేయకుండా టైల్స్‌కి ఇచ్చేయడం పనిలో లోపమే.

అగ్రిమెంటు లేదని భయపడకండి. మన వైపు ఇళ్ల పనులు ఎన్నిటికి అగ్రిమెంట్లు ఉంటాయి చెప్పండి. చేత్తో రాసిన కొటేషన్, మీ ఫోన్‌పే చెల్లింపులు, వాట్సాప్‌లో 'రేపు వస్తాను సార్' అన్న మెసేజీలు, ఇవన్నీ కలిస్తే ఒప్పందం ఉన్నట్టే. మెసేజీలు చెరిగిపోకుండా ఫోన్ జాగ్రత్త చేయండి, కేసు దాకా వెళ్తే కొత్త సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆ మెసేజీలకి సర్టిఫికెట్ జతచేయాలి, దాని మీద ఫోన్ వాడే మీరూ, ఒక నిపుణుడూ సంతకం పెట్టాలి. అతను బిల్లు ఇవ్వలేదు కదా, 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సేవకి బిల్లో రసీదో ఇవ్వకపోవడం కూడా అనుచిత వాణిజ్య పద్ధతుల కిందకే వస్తుంది. అంటే అతను ఇవ్వని కాగితం మీకు బలహీనత అవ్వాల్సిన పని లేదు.

ఇక నోటీసు. లాయరు నోటీసుకి ముందు నాన్నగారి పేరు మీద ఒక మామూలు ఉత్తరం తెలుగులోనే రాయండి. పని ఎప్పుడు చేశారు, ఎంత ఇచ్చాం, ఏం కారుతోంది, ఇంజనీరు ఏమన్నారు, ఇదిగో రిపోర్టు కాపీ, పదిహేను రోజుల్లో వచ్చి చూసి మీ ఖర్చుతో బాగుచేయండి, మీరు రాకపోతే మేమే వేరేవాళ్లతో చేయించుకుని ఆ ఖర్చు మీ దగ్గర వసూలు చేస్తాం అని. తిట్లు, బెదిరింపులు వద్దు. ఈ ఉత్తరాన్ని రేపు చదివేది అతనొక్కడే కాదు, కమిషన్ ప్రెసిడెంటు కూడా చదువుతారని గుర్తుపెట్టుకుని రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ ట్రాకింగ్ కాగితం దాచండి, అదే వాట్సాప్‌లో కూడా పెట్టండి. అతను రాకపోతే ఆ గడువు అయ్యాక మీరు నిశ్చింతగా బాగుచేయించుకోవచ్చు. పగలగొట్టేటప్పుడు ఇంజనీరుని పక్కనుంచి, వీడియో తీసి, తీసేసిన పైపు ముక్కని, జాయింట్‌ని పారేయకుండా సంచిలో కట్టి పెట్టండి. ఆ ముక్కే మీకు పెద్ద సాక్ష్యం.

లైసెన్స్ ఉందన్నారు కదా, అది ఎవరిచ్చారో చూడండి. మున్సిపాలిటీ ఇచ్చిన లైసెన్స్ అయితే, ఆ ఊరి మున్సిపల్ కమిషనర్‌కి ఇదే ఉత్తరం కాపీతో ఫిర్యాదు ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. వాళ్లు మీకు డబ్బులు ఇప్పించలేరు, అది వాళ్ల పని కాదు. కానీ లైసెన్స్ మీదకి వస్తుందంటే ఫోన్ ఎత్తని మనిషి కూడా ఎత్తుతాడు, ఈ జిల్లాల్లో చాలామంది కాంట్రాక్టర్లకి మున్సిపల్ పనులే ఆధారం.

దానికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్. అతను విజయనగరంలో ఉన్నాడని అక్కడికి తిరగాల్సిన పని లేదు, ఫిర్యాదుదారు ఉండే చోటే వేసుకోవచ్చని ఆ 2019 చట్టమే 34వ సెక్షన్‌లో చెబుతోంది కాబట్టి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల దాకా, అది కూడా మీరు సేవకి ఇచ్చిన సొమ్మును బట్టి, అడిగే నష్టపరిహారాన్ని బట్టి కాదు. 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఒక్క రూపాయి కూడా లేదు. లోపం బయటపడి రెండేళ్లు దాటకూడదు, మీకింకా చాలా టైముంది. ఫిర్యాదు నాన్నగారి పేరు మీద వేయండి, డబ్బులు మీ ఫోన్ నుంచి వెళ్లాయి కాబట్టి మీ పేరు కూడా రెండో ఫిర్యాదుదారుగా పెట్టండి, డబ్బిచ్చింది వేరేవాళ్లన్న సాకు అతనికి ఉండదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్ వచ్చింది, హైదరాబాద్‌లో కూర్చుని మీరే ఆన్‌లైన్‌లో ఫైల్ చేయొచ్చు, వీడియోలో హాజరవ్వడానికి కూడా అడగొచ్చు. లాయరు తప్పనిసరి కాదు. అతనికి నోటీసు అందాక జవాబు వేయడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15, అంతకు మించి పొడిగించే అధికారం లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పేసింది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది కానీ నిజం చెప్పాలి కదా, అంతకంటే ఎక్కువే పడుతుంది. అడిగేది న్యాయంగా అడగండి: బాగుచేసిన ఖర్చు, సీలింగ్ పెయింటింగ్ ఖర్చు, ఇంజనీరు ఫీజు, నాన్నగారు పడ్డ ఇబ్బందికి ఒక మాదిరి మొత్తం, కేసు ఖర్చులు. పది లక్షలు అడిగితే ఇచ్చేస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆర్డరు వచ్చాక కూడా అతను కట్టకపోతే అదే చట్టం 72వ సెక్షన్ కింద జైలు, జరిమానా దాకా వెళ్తుంది.

నాన్నగారి బీపీ గురించి ఆలోచిస్తే, నేనైతే కమిషన్‌కి వెళ్లేముందే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇమ్మంటాను. కేసు లేకుండానే ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు, ఫీజు లేదు, రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డు ఇస్తారు, దానికి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, అప్పీలు ఉండదు. 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి కూడా ఫోన్ చేయొచ్చు, కానీ అది పెద్ద కంపెనీల విషయంలో పనిచేసినంతగా ఒక కాంట్రాక్టరు విషయంలో చేస్తుందని నాకు నమ్మకం లేదు.

బావగారి సలహా మాత్రం వద్దు. పని బాగా చేయకపోవడం వేరు, మొదటి నుంచీ మోసం చేయాలని డబ్బులు తీసుకోవడం వేరు. రెండోది ఉంటేనే, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద చీటింగ్ అవుతుంది. ఇతను వచ్చి పని చేశాడు, లోపంగా చేశాడు. స్టేషన్‌లో 'ఇది సివిల్ తగువు' అని పంపేస్తారు, అలా పంపడంలో తప్పు కూడా లేదు. పైగా ఆ తర్వాత రాజీకి రావాల్సిన మనిషి పూర్తిగా బిగుసుకుపోతాడు. అదే వేడినీళ్ల లైనులో కావాలని తక్కువరకం పైపు వేసి సీపీవీసీ రేటు తీసుకున్నాడని ఇంజనీరు రిపోర్టులో తేలితే అప్పుడు నాకు మళ్లీ రాయండి, అది వేరే మాట.

ఇక ఇవ్వాల్సిన 25,000. ఇప్పుడు ఇవ్వకండి. అలాగని 'ఇవ్వను పో' అని ఎక్కడా రాయొద్దు, మెసేజీలో కూడా. పని సరిచేసిన వెంటనే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నామని ఉత్తరంలో ఒక వాక్యం పెట్టండి, అది మీ నిజాయితీ చూపిస్తుంది, బాకీ ఎగ్గొట్టడానికే ఫిర్యాదు చేస్తున్నారన్న మాట అతని నోటి నుంచి రాకుండా చేస్తుంది. కొంత సొమ్ము బాకీ ఉన్నా మీరు వినియోగదారులే, చట్టం కొంత చెల్లించి కొంత ఇస్తానన్నవారినీ అలాగే చూస్తుంది.

ఉత్తరం అందగానే అతను వచ్చేస్తే, చాలామంది వస్తారు, సంతోషంలో నోటిమాటతో వదిలేయకండి. ఒక కాగితం మీద ఏ బాత్రూమ్, ఏం మారుస్తాడు, ఏ కంపెనీ పైపు, టైల్స్ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తాడు, కనీసం ఏడాది గ్యారంటీ, ఇవన్నీ రాసి ఇద్దరూ సంతకం చేయండి, సాక్షిగా మీ ఇంజనీరు సంతకం పెట్టించండి. గోడ మూసేముందు నాన్నగారి ఎదుటే ప్రెషర్ టెస్టు చేయించండి. అది అయ్యాక నేల మీద నీళ్లు నిలిపి రెండు రోజులు ఉంచి, కింద హాల్లో సీలింగ్ పొడిగా ఉంటేనే ఆ 25,000 ఇవ్వండి, ఫోన్‌పేలోనే ఇవ్వండి.