బుధవారం రంగు మారకూడదు

చిరంజీవి రచయిత్రికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన కథ అందింది, రెండుసార్లు చదివాను. వయసులో పెద్దవాణ్ణి కనుక ‘నువ్వు’ అనే రాస్తున్నాను. వారంలో ఒక్కొక్క రోజూ ఒక్కొక్క రంగులో తోచే పదేళ్ళ పిల్ల మీద కథ రాయాలనుకోవడం మంచి ఆలోచనే. గోడ క్యాలెండరులో ఆదివారాలన్నీ ఎర్ర సిరాతో అచ్చువేసి ఉండడం చూసి, తన ఆదివారం ఎరుపు కాదు గనుక, ఆ పిల్ల అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టిందని రాశావే, అక్కడ చాలాసేపు ఆగిపోయాను. అటువంటి మనిషిని దగ్గరగా ఎరిగి ఉంటే తప్ప ఆ నాలుగు వాక్యాలు రాయడం సాధ్యం కాదు. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతున్నాను, ఎందుకంటే ఆ తరువాతి పేజీలోనే నాకు కోపం వచ్చింది.

సోమవారం నీలం, బడికి వెళ్ళాలంటే దిగులు కనుక. శుక్రవారం బంగారు రంగు, ఇంట్లో లక్ష్మీపూజ చేసి పాయసం పెడతారు కనుక. శనివారం నలుపు, శని కనుక. ఇలా ఏడు రోజులకూ ఏడు కారణాలు వెతికి పెట్టావు. ఇంత చక్కగా కారణాలు కుదిరిన తరువాత ఇక ఆ పిల్ల ప్రత్యేకత ఏమిటి? ఇలా కారణాలున్న రంగులు ఆమె చెప్పనక్కరలేదు, మన పంచాంగమే చెబుతుంది. నవగ్రహ పూజలో సూర్యుడికి ఎర్రని వస్త్రం, గోధుమలు. చంద్రుడికి తెల్లని వస్త్రం, బియ్యం. కుజుడికి మళ్ళీ ఎరుపు, కందులు. బుధుడికి ఆకుపచ్చ, పెసలు. గురువుకు పసుపు, శనగలు. శుక్రుడికి తెలుపు, బొబ్బర్లు. శనికి నలుపు, నువ్వులు. ఈ పట్టిక పురోహితుడికి ఎంత తెలుసో నవధాన్యాలు పొట్లాలు కట్టే కొట్టువాడికీ అంతే తెలుసు. థాయ్‌లాండ్‌లోనూ రోజులకు రంగులున్నాయి, అవీ గ్రహాలను అనుసరించి ఏర్పడినవే. కాని అక్కడ సోమవారం పసుపు, మంగళవారం గులాబీ, గురువారం నారింజ, శనివారం ఊదా. రాజుగారు సోమవారం పుట్టాడని దేశమంతా పసుపుపచ్చ చొక్కాలు తొడుక్కున్న సందర్భాలున్నాయి. ఇవన్నీ పదిమందీ పంచుకునే రంగులు, పెద్దలు నేర్పితే వచ్చేవి. మన ఆలంకారికులు కీర్తిని తెలుపనీ పాపాన్ని నలుపనీ చెప్పినా, నాట్యశాస్త్రంలో భరతుడు రౌద్ర రసానికి ఎరుపునూ అద్భుతానికి పసుపునూ కేటాయించినా, అదీ నలుగురి మధ్య ఒప్పందమే. ఒప్పందం తప్పని నేను అనడం లేదు. నీ కథలో పిల్ల ఆ ఒప్పందానికి బయట పుట్టిన మనిషి అని మాత్రం గుర్తుచేస్తున్నాను.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం మా అక్క. ఆమెకు గురువారం ఉల్లిపొర రంగు. మంగళవారం వానకు తడిసిన ఇటుక. శుక్రవారానికి ఆమె చెప్పే రంగును నేను ఇప్పటికీ సరిగా ఊహించుకోలేను: చింతపండు పెట్టి తోమక ముందు ఇత్తడి గిన్నె లోపలివైపు ఉండే రంగు అనేది. “ఎందుకక్కా?” అని అడిగితే “ఎందుకేమిట్రా, అది అంతే కదా, నీకు ఏ రంగు?” అని ఎదురు అడిగేది. నాకు ఏ రంగూ లేదంటే తన దగ్గర దాస్తున్నానని చాలాకాలం అనుమానించింది. ఆమె ఏ శుక్రవారమూ పాయసం వల్ల ఆ రంగులోకి మారలేదు, జ్వరంతో పడుకున్న శుక్రవారమూ, పెళ్ళిచూపులకు వచ్చిన శుక్రవారమూ ఆమెకు అదే ఇత్తడి రంగు. ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా ఆ రంగు తనంతట తాను వచ్చి కూర్చుంటుంది, పొమ్మన్నా పోదు. నీ కథకు కావలసిన బలమంతా ఆ మొండితనంలో ఉంది. నువ్వు కారణం చెప్పిన ప్రతిచోటా దాన్ని చేజేతులా పోగొట్టావు.

రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ అక్కను గురించే ఒక కథ రాసి ఒక వారపత్రికకు పంపాను. తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేయకపోతే రాతప్రతి ఏమైందో కూడా తెలియని కాలం అది. కథ అచ్చయింది. తీరా చూస్తే అందులో గురువారం పసుపుపచ్చగా మారిపోయింది, ఇటుక రంగు మంగళవారం కుంకుమ ఎరుపు అయింది, ఇత్తడి గిన్నె పూర్తిగా ఎగిరిపోయింది. ఎందుకు మార్చారని వినయంగానే అడిగితే, గురువుకు పసుపు అన్న సంగతి పామరులకు కూడా తెలుసు, రచయితకు తెలియకపోవడం ఆశ్చర్యం అని సంపాదకుడుగారు కార్డు ముక్క మీద సమాధానం రాశారు. అక్క ఆ పత్రిక చదివి, “ఇదెవరో వేరే ఆవిడ కథరా” అని మడిచి బల్ల మీద పెట్టింది. ఆ తరువాత ఆ పత్రికకు నేను ఏమీ పంపలేదు, అది మూతపడినప్పుడు నలుగురూ రాసిన సంతాప వ్యాసాల్లో నా వ్యాసం లేదు. సంపాదకులకు పాఠకుడి మీద ఉన్నంత అపనమ్మకం దొంగల మీద పోలీసులకు కూడా ఉండదు. ప్రతిదీ పాఠకుడికి ముందే తెలిసినదై ఉండాలని వాళ్ళ నియమం. నువ్వు ఆ నియమాన్ని ఎవరూ అడగకుండానే పాటించావు, నా కోపం అందుకు.

అయితే ఆ రంగులకు అసలు కారణమే ఉండదా అని నువ్వు వాదించవచ్చు. ఉండవచ్చు. 2013లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు అక్షరాలు రంగుల్లో తోచే 11 మందిని గురించి రాశారు. వాళ్ళ అక్షరాల రంగులు చిన్నతనంలో ఫ్రిజ్ తలుపుకు అంటించుకుని ఆడుకున్న అయస్కాంతపు అక్షరాల రంగులతో దాదాపు సరిపోయాయి. అంటే బయటి వస్తువు నుంచి రంగు లోపలికి దిగవచ్చునన్నమాట. కాని అటువంటి మనిషికి ఇంగ్లీషు ‘ఎ’ అన్న అక్షరం ఆ బొమ్మను గుర్తుచేయడం లేదు, ఎర్రగా ఉంది, అంతే. కారణం ఉంటే అది పరిశోధకుడికి దొరకనీ; పిల్లకు, కథ చెప్పే గొంతుకు, మాత్రం తెలియకూడదు.

ఇక నీ డాక్టరు. ఈమధ్య పోటీలకు రాసే కథల్లో ఏ వింత కనిపించినా చివర ఒక డాక్టరు దిగి దాని పేరు చెప్పి వెళ్ళిపోతున్నాడు. మా తరంలో ఆ ఉద్యోగం స్వామీజీలు చేసేవారు. నీ డాక్టరు ‘సినస్తీషియా’ (ఒకటి గ్రహిస్తే దానితోపాటు సంబంధంలేని మరొకటి తనంతట తాను తోచడం) అన్న పేరు చెప్పి ఊరుకోకుండా, అది లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బనీ, ఆడపిల్లలకే వస్తుందనీ అంటాడు. రెండూ తప్పే. అది జబ్బు కాదు. బ్రిటన్‌లో జూలియా సిమ్నర్ బృందం 2006లో ప్రకటించిన అధ్యయనంలో 500 మంది విద్యార్థులను పరీక్షించగా, ఏదో ఒక రూపంలో ఈ లక్షణం ఉన్నవారు సుమారు 23 మందికి ఒకరు తేలారు, అన్ని రూపాల్లోకీ ఎక్కువమందిలో కనిపించింది వారంలోని రోజులకు రంగులు తోచడమే. ఆడా మగా తేడా కూడా దాదాపు లేదు. అంతకు ముందు లెక్కల్లో ఆడవాళ్ళు ఎక్కువ కనిపించడానికి, తమంతట తాము వచ్చి చెప్పుకున్నవాళ్ళలో వాళ్ళే ఎక్కువ కావడం ఒక కారణం. ఈ విషయం కొత్తదీ కాదు: 1812లో జర్మనీలో గియోర్గ్ సాక్స్ అనే వైద్యుడు, పుట్టుకతో ఒంటికి రంగులేని తననూ తన చెల్లెలినీ గురించి రాసిన సిద్ధాంత వ్యాసంలో, అక్షరాలకూ అంకెలకూ వారాలకూ తోచే రంగులను పక్కమాటగా నమోదు చేశాడు. రెండు వందల ఏళ్ళ నాటి మనిషి తన సంగతి తానే చెప్పుకుంటే, నీ పిల్ల తరఫున తెల్లకోటు మనిషి మాట్లాడవలసిన అవసరం ఏమిటి? ఆ ఘట్టం మొత్తం కొట్టేయి.

మరొకటి. నీ కథలో రంగులు గదినిండా పొగలా కమ్ముకుంటాయి. అలా బయట కనిపించేవారు కొద్దిమందే, చాలామందికి రంగు మనసులోనే తోస్తుంది. మా అక్క కళ్ళు తెరుచుకుని కూరగాయలు తరుగుతూనే మంగళవారం ఇటుక రంగు అనేది, కత్తిపీట మీద ఏ రంగూ పడేది కాదు. పొగ సినిమాకు పనికివస్తుంది.

అన్నిటికన్నా పెద్ద లోపం చివర చెబుతున్నాను. నీ పిల్లకు రెండో పేజీలో బుధవారం చిలకపచ్చ, పదకొండో పేజీలో గోధుమ రంగు. ఇది అచ్చుతప్పు కాదు, నువ్వు ఆ పిల్లను నమ్మలేదనడానికి సాక్ష్యం. బ్రిటన్‌లో సైమన్ బారన్-కోహెన్ బృందం 1993లో ప్రకటించిన పరిశోధనలో, ఇటువంటివారిని ఒక పట్టికలోని మాటలకు రంగులు చెప్పమని, ఏడాది తరువాత ముందస్తు హెచ్చరిక లేకుండా మళ్ళీ అడిగారు. సుమారు 92 శాతం జవాబులు మారలేదు. మామూలు మనుషులను వారం తరువాతే అడిగినా 37 శాతం దగ్గర ఆగిపోయారు. ఈ లక్షణం నిజంగా ఉన్నవాళ్ళనూ ఊహించి చెప్పేవాళ్ళనూ విడదీసే పరీక్ష ఇదే.

కనుక నువ్వు చేయవలసిన పని ఇది. కథ సంగతి ప్రస్తుతం పక్కన పెట్టి, ఆ పిల్ల ఏడు వారాల రంగులూ ఒక కాగితం మీద రాయి. ‘ఎరుపు’, ‘పచ్చ’ అని రాస్తే ఒప్పుకోను; చీరల కొట్టులో బేరం చేసే ఆడవాళ్ళు వాడే మాటలు రాయి, వంకాయ రంగు, మావిచిగురు, నెమలికంఠం, కనకాంబరం, గచ్చకాయ. పక్కన కారణం ఒక్క ముక్క కూడా ఉండకూడదు. మేనత్త ఊళ్ళో గురువారాన్ని బేస్తవారం అన్నప్పుడు ఆ పిల్లకు రంగు మారుతుందో మారదో కూడా తేల్చుకుని రాయి, దాని మీదే ఒక మంచి ఘట్టం నడుస్తుంది. ఆ కాగితం నాకు పంపు, నకలు నీ దగ్గర ఉంచుకోవద్దు. కొన్ని నెలలు పోయిన తరువాత నేనే ఒక కార్డు రాసి ఏడు రంగులూ మళ్ళీ అడుగుతాను. రెండు జాబితాలూ సరిపోతే కథ తిరగరాయడం మొదలుపెట్టు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి