కొత్తగా నేర్చుకున్నవాళ్లు స్ట్రెస్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ రిజల్ట్‌ను నమ్మొచ్చా?

డిప్లొమా అయ్యాక ఫ్యాబ్రికేషన్ షాపులో చేరానని, ఓనరు గారు మోటారు స్టాండు డ్రాయింగ్ ఇచ్చి "సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఆగుతుందో లేదో చెప్పు" అన్నారని, వచ్చిన రిజల్ట్‌ను ఎంతవరకు నమ్మొచ్చని మీరు అడిగారు.

సాఫ్ట్‌వేర్ కూడికలు తప్పు చేయడం నేను చూసింది చాలా తక్కువ. నేను దానికి తప్పుడు లెక్క ఇచ్చిన సందర్భాలు మాత్రం లెక్కే లేదు. చిక్కేమిటంటే, తప్పుడు లెక్క ఇచ్చినా అది అలిగి కూర్చోదు. అంతే అందంగా రంగులు వేసి చూపిస్తుంది.

నా మొదటి ఉద్యోగం బాలానగర్‌లో. నాకు ఇచ్చిన మొదటి పని గోడకు బిగించే బ్రాకెట్. 50 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఫ్లాట్ పట్టీ గోడ నుంచి 200 మి.మీ. బయటికి ఉంటుంది, కొసన 50 కిలోల బరువు. సాయంత్రానికల్లా అనాలిసిస్ అయిపోయింది. కొస 0.6 మి.మీ. వంగుతుందని వచ్చింది. కలర్ ప్రింట్ తీసి మా సార్‌కి ఇచ్చాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, నన్ను షాపులోకి తీసుకెళ్లారు. అదే సైజు ఫ్లాట్ ముక్క ఒకటి వైస్‌లో బిగించి, 200 దగ్గర సుద్దతో గీత గీసి, అక్కడ ఎంత వంగిందో ముల్లుతో చూపించే డయల్ గేజ్ పెట్టారు. ఇరవై కిలోల తూకపు రాళ్లు రెండు, పదిది ఒకటి గొలుసుతో తగిలించారు. ముల్లు 1.7 దగ్గర ఆగింది.

"నీ కంప్యూటర్‌లో ఇనుము మన ఇనుము కన్నా గట్టిదిరా" అన్నారు.

ఆ తర్వాత సిగరెట్ పెట్టె వెనకాల లెక్క వేసి చూపించారు. కొస వంపు 1.6 మి.మీ., గోడ దగ్గర స్ట్రెస్ (లోహం లోపల పుట్టే ఒత్తిడి) సుమారు 120 ఎంపీఏ, అంటే చదరపు మి.మీ.కు 120 న్యూటన్లు. రెండు నిమిషాల పని.

తప్పెక్కడంటే, త్వరగా అవుతుందని నేను డ్రాఫ్ట్ మెష్ పెట్టాను. మెష్ అంటే లెక్క కోసం సాఫ్ట్‌వేర్ ముక్కను ఎలిమెంట్లనే చిన్న చిన్న తునకలుగా విడగొట్టడం, నోడ్లంటే ఆ తునకల మీద లెక్క వేసే బిందువులు. అందులో నాలుగు నోడ్ల టెట్రా (నాలుగు ముఖాల) ఎలిమెంట్లు ఉంటాయి. మందంలో అవి ఒకే వరుస ఉంటే ఆ ఫ్లాట్ వంగాల్సినంత వంగదు, స్ట్రెస్ కూడా తక్కువ చూపిస్తుంది. పది నోడ్లవి పెట్టగానే 1.6 వచ్చింది. మరి గేజ్‌లో 1.7 ఎందుకు? వైస్ దవడలు కూడా కాస్త కదులుతాయి కాబట్టి. మనం క్లిక్ చేసే 'ఫిక్స్‌డ్' అంత గట్టి గోడ భూమ్మీద ఎక్కడా లేదు. మీ స్టాండు అడుగు మొత్తాన్ని ఫిక్స్ చేస్తే, నిజానికి పట్టుకుని ఉన్న నాలుగు బోల్టుల దగ్గర ఏం జరుగుతుందో మీకు కనబడదు.

దీనికి తిరగేసిన తప్పు కూడా చేశాను. లోపలి మూల పదునుగా ఉన్న ఒక ఎల్ ముక్కకి 5 మి.మీ. మెష్‌తో 140 ఎంపీఏ వచ్చింది. 2.5 చేస్తే 190, 1.25 చేస్తే 260. కంగారుపడి మందం పెంచేశాను, బరువూ ఖర్చూ దండగ. పదును మూల దగ్గర థియరీ ప్రకారం స్ట్రెస్‌కు అంతు ఉండదు, మెష్ సన్నం చేసేకొద్దీ పెరుగుతూనే పోతుంది. మూలకు నిజంగా ఉండే రేడియస్ గీస్తే నంబరు ఒకచోట నిలబడుతుంది. అన్నట్టు, ఎరుపు రంగంటే ప్రమాదం అని కాదు, ఆ బొమ్మలో అన్నిటికన్నా పెద్ద నంబరు అని మాత్రమే.

ఇవి కుర్రాళ్ల తప్పులే అనుకోకండి. నార్వేలో స్లైప్నర్ ఏ అనే చమురు ప్లాట్‌ఫామ్ కాంక్రీట్ అడుగుభాగం 1991 ఆగస్టు 23న ఫియర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) మునిగిపోయింది. సుమారు 70 కోట్ల డాలర్ల నష్టం. డిజైన్‌కు నాస్ట్రాన్ అనే స్ట్రెస్ అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ వాడారు. గోడలు కలిసే చోట మెష్ సరిగా లేక షియర్ (కోత) స్ట్రెస్ 47 శాతం తక్కువగా అంచనా వేశారు, అక్కడ కడ్డీల అమరిక కూడా చాల్లేదు. ప్రమాదం తర్వాత జాగ్రత్తగా మళ్లీ లెక్క వేస్తే 62 మీటర్ల లోతు దగ్గర గోడ పగులుతుందని వచ్చింది. నిజంగా పగిలింది 65 దగ్గర. అదే పద్ధతి, మెష్ వేసిన తీరే వేరు.

మీ స్టాండు సంగతికొస్తే, సాల్వ్ నొక్కకముందే ఎంత రావాలో కాగితం మీద రాసుకోండి. రన్ అయ్యాక ముందు రియాక్షన్ ఫోర్సులు (ఫిక్స్ చేసిన చోట్ల వచ్చే ఎదురు బలాలు) కూడండి, మోటారు, స్టాండు బరువులు కలిపి ఎంతో అంత రావాలి. తేడా వస్తే యూనిట్లు చూడండి. మిల్లీమీటర్లు, న్యూటన్లలో పనిచేస్తూ ఉక్కు సాంద్రత దగ్గర ఘనపు మీటరుకు కిలోల లెక్కైన 7850 కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇంకొకటి, స్టాటిక్ అనాలిసిస్ (కదలకుండా ఉండే బరువుకు వేసే లెక్క) పాసైనంత మాత్రాన మోటారు వైబ్రేషన్‌కు వెల్డు అంచున పగులు రాదని కాదు. కింద మనుషులు తిరిగే చోట పెట్టేదైతే ఒంటరిగా సంతకం చేయకండి, అనుభవం ఉన్నవాళ్లతో చెక్ చేయించండి.

మోటారు బరువెంత, బోల్టులు ఎన్ని, వెల్డు ఎక్కడ పడుతుందో కామెంట్‌లో పెట్టండి. ముందు చేతి లెక్క వేద్దాం.