బ్యాకప్ సైట్‌ను నిజంగా పరీక్షించడం అంటే ఏమిటి?

డిజాస్టర్ రికవరీ (డీఆర్) సైట్‌లో, అంటే ప్రధాన కంప్యూటర్ కేంద్రం ఆగిపోతే పని అందుకోవాల్సిన బ్యాకప్ కేంద్రంలో, సర్వర్లు ఆన్ అయితే పరీక్ష పాసైనట్టేనా అని అడిగారు. కాదు. రోజువారీ అసలు పని భారం (లోడ్) దాని మీద పడాలి.

ఉదాహరణకు, 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్ గంటల తరబడి ఆగింది. డీఆర్ సైట్ ఉంది, అయినా దానికి మారలేదు. అలాంటి సమయంలో మదుపరుల టెన్షన్ మాటల్లో చెప్పలేం! తర్వాత 2024 మార్చి 2, శనివారం, ప్రత్యేకంగా మార్కెట్ తెరిచారు. ఉదయం 9:15 నుంచి 10 వరకు ప్రధాన సైట్‌లో, 11:30 నుంచి 12:30 వరకు డీఆర్ సైట్‌లో నిజమైన లావాదేవీలే నడిపారు. బ్రోకర్ల కనెక్షన్లు, ఆర్డర్లు, సెటిల్‌మెంట్ (డబ్బు, షేర్లు చేతులు మారడం) అన్నీ పరీక్షకు వచ్చాయి. నా దృష్టిలో సరైన పద్ధతి ఇదే. ఇంకో మెట్టు మిగిలింది: ముందుగా చెప్పకుండా డీఆర్ సైట్‌కు మారి చూడటం.