జామ్ అయిందని స్క్రూలు విప్పకు అల్లుడా

అల్లుడా,

మీ నాయన బ్రౌనింగ్ తుపాకి నీ లైసెన్సులోకి ఎక్కిందని అక్క చెప్పింది, సంతోషం. కానీ మక్కచేన్లలో పందుల కోసం పోయినప్పుడు ఒక తూటా పేలగానే ఆగిపోతోందని, ఎవరో చెప్పారని స్క్రూలన్నీ విప్పబోతున్నావని విన్నప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. ముందు ఆ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. ఆ తుపాకి స్క్రూల తలల మీది గాడులు చాలా సన్నగా ఉంటాయి, మన ఇంట్లో ఉండే స్క్రూడ్రైవర్ పెడితే తలలు చెడిపోతాయి, తర్వాత ఎవరి దగ్గరికి తీసుకుపోయినా లాభం ఉండదు. నేను ఆర్మీ వర్క్‌షాపులో చేసినన్నాళ్లూ చూసింది ఇదే, ఎక్కువ జామ్‌లకు కారణం మురికి, నూనె, తూటా, ఈ మూడే.

ఇంకో మాట. యూట్యూబ్‌లో గ్యాస్ పిస్టన్ తుడవండి, గ్యాస్ రంధ్రాలు శుభ్రం చేయండి అని చెప్పేవి నీ తుపాకికి పనికిరావు. ఇది జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన పాత ఆటో 5, ఇందులో గ్యాస్‌తో పనే లేదు. పేలిన దెబ్బకు బ్యారెల్, దాన్ని వెనక నుంచి మూసి ఉంచే బోల్ట్ రెండూ కలిసి వెనక్కి పోతాయి, ముందు బ్యారెల్ ఒక్కటే తిరిగి వస్తుంది, అప్పుడు ఖాళీ కేసు, అంటే పేలిన తూటా తొడుగు, బయట పడుతుంది, ఆ తర్వాత బోల్ట్ కొత్త తూటాను తోసుకుంటూ వచ్చి మూసుకుంటుంది. ఈ వరస మనసులో పెట్టుకుంటే ఎక్కడ ఆగిందో చూసి కారణం చెప్పొచ్చు.

ఏం చేసినా ముందు ఖాళీ చెయ్యి. మూతి జనం లేని వైపు పెట్టి, మ్యాగజైన్‌లోవి, అంటే బ్యారెల్ కింది ట్యూబ్‌లో ఉన్న తూటాలు, అన్నీ తీసి, ఛాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, చిటికెన వేలు పెట్టి చూడు, కింద తూటాను ఎత్తే రేకు దగ్గర కూడా చూడు, అక్కడ ఒక్కోసారి ఒకటి దాక్కుని ఉంటుంది. తూటాల డబ్బా వేరే గదిలో పెట్టి తలుపు వేసి వచ్చాకే తుపాకి ముట్టుకో. పిల్లలున్న ఇల్లు అది.

ఇప్పుడు ఎడమ పక్కన ఉన్న చిన్న మీట చూడు. దాన్ని కట్-ఆఫ్ అంటారు. అది వేసి ఉంటే మ్యాగజైన్ నిండా తూటాలున్నా పైకి రావు, మొదటిది పేలాక బోల్ట్ తెరుచుకునే ఉంటుంది. మీ నాయనకు అది వేసి పెట్టే అలవాటు. నీది ఇదే అయితే మిగతా ఉత్తరం శుభ్రం చేసుకోవడానికి చదువు.

అది కాదు, ఖాళీ కేసు సగం బయటికి వచ్చి ఇరుక్కుంటోంది అంటే ముందు బ్యారెల్‌కు బ్రేకులా పనిచేసే రింగుల మీద అనుమానపడాలి. బోల్ట్ వెనక్కి లాగి ఆపి, బట్ (భుజానికి ఆనించే చెక్క) నేలకు ఆనించి, బ్యారెల్‌ను కొంచెం కిందికి నొక్కి పట్టుకుని, బ్యారెల్ కింద ఉండే ముందు చెక్క కొసన ఉన్న మూత మర విప్పు. లోపల స్ప్రింగ్ బలంగా తోస్తుంది కాబట్టి మెల్లగా వదులు, మొహం దాని మీద పెట్టకు. ట్యూబ్ మీద పెద్ద స్ప్రింగ్, ఒక ఉక్కు రింగ్, ఒక కంచు ముక్క కనిపిస్తాయి. బరువు తూటాలకు, అంటే మందూ గుండ్లూ ఎక్కువున్న వాటికి, ఉక్కు రింగ్ స్ప్రింగ్‌కూ కంచు ముక్కకూ మధ్యలో ఉండాలి, ఏటవాలు అంచు కంచు వైపు. తేలిక తూటాలకు ఆ రింగ్‌ను స్ప్రింగ్ వెనక, బాడీ వైపు పెట్టాలి. బరువు సెట్టింగ్‌లో తేలిక తూటా కాలిస్తే బ్యారెల్ పూర్తిగా వెనక్కి పోదు, కేసు ఇరుక్కుంటుంది. తేలిక సెట్టింగ్‌లో బరువు తూటా కాలిస్తే ఇంకా నష్టం, దెబ్బ మొత్తం తుపాకి మీద పడి ముందు చెక్క పగులుతుంది. పగిలిందేమో ఇప్పుడే చూసుకో.

ఆ ట్యూబ్ మీద నూనె విషయంలో నా మాట విను. ఎక్కువ రాస్తే రింగులు పట్టు తప్పి బ్యారెల్ బలంగా కొట్టుకుంటుంది, అసలు రాయకపోతే తుప్పు పట్టి ఆగిపోతుంది. గుడ్డ మీద రెండు చుక్కలు వేసి తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడువు. కుట్టు మిషన్ నూనె చాలు. కొబ్బరి నూనె మాత్రం వద్దు, చలికాలం పేరుకుపోతుంది.

కేసు ఛాంబర్‌లోనే బిగుసుకుంటే రాగి బ్రష్‌కు కిరోసిన్ అంటించి ఛాంబర్ గట్టిగా తోము, చుట్టూ పట్టిన ప్లాస్టిక్ పొర వదలాలి. బోల్ట్‌కు రెండు పక్కలా ఉన్న, కేసును పట్టి లాగే కొక్కేల కింద మురికి అగ్గిపుల్లతో తియ్యి. తూటాలనూ చూడు. వానాకాలంలో గోడకు ఆనించి పెట్టిన పాత అట్ట తూటాలు ఉబ్బుతాయి, వాటిని ఇసకకాగితంతో రుద్ది పెట్టే పని చేయకు, డీలర్‌కే ఇచ్చెయ్యి. బ్యారెల్ మీద ఛాంబర్ పొడవు కొట్టి ఉంటుంది, 65 అని ఉంటే 70 మిల్లీమీటర్ల తూటా అందులో పెట్టకూడదు. లోపలికి పోతుంది, కానీ పేలినప్పుడు తూటా నోరు విచ్చుకోవడానికి చోటు చాలక ప్రెషర్ పెరుగుతుంది.

బోల్ట్ మూసుకునేటప్పుడు నిదానంగా వస్తే బట్ లోపలి స్ప్రింగ్ అనుకో. ఎన్నికలకు స్టేషన్‌లో డిపాజిట్ చేసి నెలల తర్వాత తెచ్చుకున్నప్పుడు పాత నూనె జిగురైపోయి ఉంటుంది. అది నువ్వు తీయాల్సింది కాదు, లైసెన్సున్న గన్ రిపేరు షాపు పని. కొక్కెం విరిగినా అంతే, ఆకురాయి పెట్టి ఏదీ అరగదీయకు.

కాల్చేటప్పుడు టప్ మని చిన్న శబ్దం వస్తే రెండోది కాల్చకు, ఖాళీ చేసి బ్యారెల్‌లోంచి వెలుగు చూడు, లోపల వాడ్, అంటే తూటాలో మందుకూ గుండ్లకూ మధ్య ఉండే బిళ్ల, ఆగి ఉండొచ్చు. అసలు పేలకపోతే మూతి అట్లాగే పట్టుకుని అర నిమిషం ఆగాకే తెరువు.

ఫారెస్టు వాళ్ల అనుమతి కాగితం జేబులో లేకుండా పంది కోసం కూడా బయలుదేరకు. 1972 వన్యప్రాణి చట్టం మెడకు చుట్టుకుంటే లైసెన్సు కూడా పోతుంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వైపు తుపాకితో అడుగే వేయొద్దు.

ముందు చెక్క తీశాక రింగులు ఎట్లా ఉన్నాయో కదపకుండా ఫొటో తీసి, తూటా డబ్బా మీది రాతలు కూడా కనబడేట్టు ఇంకోటి తీసి వాట్సాప్ చెయ్యి. అవి చూసి ఫోన్ చేస్తా, అంతవరకు తూటా పెట్టకు.

నీ మామ